ఎడమ స్పీకరు మెల్లగా పలుకుతుంటే

గాయకుడి గొంతు కుడివైపుకు జరిగిపోతోందని, ఎడమ స్పీకరు మెల్లగా పలుకుతోందని రాశారు. కొత్త స్పీకర్లు అప్పుడే కొనకండి. కుడి ఎడమల శబ్దాన్ని సరిచేసే బ్యాలెన్స్ మీట మధ్యలోనే ఉందా? ఉంటే, ఆంప్లిఫయర్ ఆపి, దాని వెనక స్పీకరు వైర్లను కుడి ఎడమలు మార్చి బిగించండి. అప్పుడూ ఎడమ స్పీకరే మెల్లగా ఉంటే లోపం దానిదో, దాని వైరుదో, అది ఉన్న చోటుదో.

లోపం కుడి స్పీకరుకు మారిందా, వైర్లను మళ్లీ యథాస్థానంలో పెట్టి, ప్లేయర్ నుంచి వచ్చే కేబుళ్లను ఆంప్లిఫయర్ దగ్గర అలాగే తారుమారు చేయండి. పక్క మారితే తప్పు ప్లేయర్‌దో, కేబుల్‌దో. మారకపోతే ఆంప్లిఫయర్‌దే.

శబ్దం బాగా తగ్గించినప్పుడే తేడా వస్తుంటే మాత్రం నా అనుమానం వాల్యూమ్ మీట మీదే. చాలా మీటల్లో కుడి, ఎడమ చానెళ్లు రెండూ అడుగు స్థాయిలో సమంగా నడవవు. కొత్తవాటిలోనూ ఇది మామూలే.