ఫ్యూరెద్‌లో పరుగు వద్దు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

అమ్మానాన్నలు బుడాపెస్ట్ రాగానే హంగేరీలోని బాలాటన్ సరస్సు ఒడ్డున ఉన్న బాలాటన్‌ఫ్యూరెద్, తిహాన్య్, వీలుంటే ఇంకో ఊరు, అన్నీ ఒక్క రోజులో చూపిస్తానన్నావు. ఆ మూడో ఊరి సంగతి మరిచిపో. నేనూ మొదటిసారి అలాగే వెళ్ళి, సరస్సు ముందు నిలబడి ఫోటో దిగి, దొరికిన రైలెక్కి వచ్చేశాను. ఊరు చూడనే లేదని తరువాత తెలిసింది. ఈసారి ఒక రాత్రి ఉండేలా చూసుకో.

బుడాపెస్ట్ దేలీ స్టేషన్‌లో ఎక్కగానే రైలు వెళ్ళే దిక్కుకు ఎడమవైపు కిటికీ పక్కన అమ్మను కూర్చోబెట్టు. సరస్సు అటువైపే కనిపిస్తుంది.

దిగాక నేరుగా నీటి ఒడ్డుకు పోవద్దు. ముందు గ్యోజ్య్ తేర్ అనే చౌకుకు వెళ్ళండి. చెట్ల నీడలో, స్తంభాల మండపం కింద కొశ్శూత్ ఊట ఉంటుంది. మండపం 1800లో కట్టింది. ఈ నీళ్ళను వాళ్ళు 'పుల్లనీళ్ళు' అంటారు. నాలుక మీద సోడాలా చురుక్కుమంటాయి, ఆ వెంటనే తుప్పు పట్టిన చెంబులో తాగినట్టు ఇనుము రుచి. నేను తీర్థమనుకుని గ్లాసెడు గటగటా తాగి గంటసేపు తేన్పులతో బాధపడ్డాను. మీరు రెండు గుక్కలతో ఆపండి. సీసాలో పట్టి తేవాలనుకోకు, గ్యాసు పోతే మిగిలేది ఆ ఇనుము రుచే.

ఊరికి పేరు తెచ్చింది ఈ నీళ్ళే. పక్కనే గుండె జబ్బుల ఆసుపత్రి. 1926లో ఐరోపా పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆరోగ్యం చెడి ఇక్కడే చికిత్స పొందారు. అది నేటికీ ఆసుపత్రే, చూసి వద్దామని లోపలికి దూరిపోకండి. ఆయన నవంబరు 8న నాటిన లిండెన్ మొక్క ఒడ్డున ఉంది, ఆ నడకదారికి ఆయన పేరే పెట్టారు. ఇందిరాగాంధీ నాటిన చెట్టు కూడా అక్కడే ఉంది. మీ నాన్న ప్రతి ఫలకం దగ్గరా ఆగి చదువుతాడు. తొందరపెట్టకు. ఆ దారి వెంట బెంచీలు చాలా ఉన్నాయి, వాడి మోకాళ్ళకు అవే దిక్కు.

చౌకులోనే హోర్వాత్ భవనం ఉంది. తొలి అన్నా బాల్ నృత్యోత్సవం 1825లో అందులోనే జరిగింది. ఇప్పటికీ ఏటా జులై 26కు అటూ ఇటూగా జరుపుతారు. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, దొరికినా జేబు ఖాళీ. తేదీ చూసుకుని వెళ్ళండి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక గుండ్రని చర్చికి నడవండి. రోములోని పురాతన గుండ్రని గుడి పాంథియన్‌ను తలచుకుంటూ 1840లలో కట్టారు, కాని చిన్నది, ముద్దుగా ఉంటుంది. ఎదురుగానే నవలా రచయిత యోకాయి మోర్ వేసవి ఇల్లు, ఇప్పుడది మ్యూజియం. హంగేరీలో మ్యూజియంలు సాధారణంగా సోమవారం మూసి ఉంటాయి, గుర్తుంచుకో. నటి బ్లాహా లూయిజా ఇల్లు హోటలైపోయింది, బయటినుంచి చూస్తే చాలు.

మర్నాడు పొద్దున పడవలో తిహాన్య్ వెళ్ళండి. కొండ మీద మఠాన్ని 1055లో మొదటి ఆంద్రాశ్ రాజు స్థాపించాడు, ఆయన సమాధి చర్చి కింది గదిలో ఉంది. ఆ స్థాపన పత్రం లాటిన్‌లో ఉన్నా, మధ్యమధ్య వచ్చే హంగేరియన్ మాటలే ఆ భాషలో మిగిలిన అతి పాత రాతల్లో ఒకటి. అసలు పత్రం మాత్రం పన్నోన్‌హల్మ మఠంలో దాచారు, నాలాగా తిహాన్య్‌లో వెతక్కు. రేవు నుంచి మఠానికి ఎక్కుడు ఎక్కువ, మీ నాన్నను నడిపించకు, ఏదైనా బండి చూడు.

సరస్సు సగటు లోతు మూడు మీటర్లకు కాస్త పైనే, అందుకే వేసవిలో నీళ్ళు త్వరగా వేడెక్కుతాయి. అమ్మ కాళ్ళు తడుపుకుంటానంటే వద్దనకు. తువ్వాలు మాత్రం నువ్వే పట్టుకెళ్ళు, ఆవిడ ఎప్పుడూ మరిచిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న