కారో-కాన్ ఆడబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

చదరంగం టోర్నమెంటులో నల్ల పావులు వస్తే, ఇ4కు జవాబుగా సి6తో మొదలయ్యే కారో-కాన్ రక్షణ ఆడతానని రాశావు. మంచి ఎంపిక. 1961లో అప్పటి ఛాంపియన్ తాల్ నుంచి ప్రపంచ కిరీటాన్ని తిరిగి గెలుచుకున్నప్పుడు సోవియట్ ఆటగాడు బోత్విన్నిక్ నమ్ముకున్న రక్షణల్లో ఇదీ ఒకటి. కానీ ఎత్తులన్నీ కంఠస్థం చేశానన్న మాట దగ్గర నాకు దిగులు వేసింది. వరుస గుర్తుంటే సరిపోదు, ఏ ఎత్తు ఏ పని చేస్తోందో తెలియాలి.

బోర్డు ముందు పెట్టుకో. తెలుపు బంటు ఇ4 గడికి, నీ బంటు సి6కి. తెలుపు డి4, నువ్వు డి5. తెల్ల గుర్రం సి3కి వచ్చింది. నువ్వు ఇ4లోని బంటును కొట్టావు, గుర్రం తిరిగి కొట్టింది. ఇప్పుడు నీ బి8 గుర్రం డి7కి, ఆ తర్వాత రెండోది ఎఫ్6కి. నువ్వు నేర్చుకున్న వరుస ఇదే కదా? మధ్యలో తెలుపు తన మంత్రిని ఇ2లో పెట్టిందనుకో. అలవాటుగా జి8 గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చావంటే, తెల్ల గుర్రం డి6లో వాలుతుంది. ఆరో ఎత్తుకే ఆట కట్టు! ఇ7 బంటు దాన్ని కొట్టడానికి వీల్లేదు, ఎందుకంటే అది పక్కకు జరిగితే ఇ2లోని మంత్రికి నీ రాజు దొరికిపోతాడు. రాజు తప్పుకుందామన్నా చుట్టూ నీ పావులే. అదే డి7 గుర్రాన్నే ఎఫ్6కి తీసుకువెళ్తే, డి8లో ఉన్న నీ మంత్రికి దారి తెరుచుకుని డి6కు కాపలా దొరుకుతుంది. గుర్రం చేరేది అదే గడికి, కానీ ఏ గుర్రమన్నదే ప్రాణం. ఈ స్థితిని చేత్తో పావులు కదుపుతూ పదేపదే చూడు.

తెలుపు మూడో ఎత్తుకు ఇ5కి తోస్తే, ముందు సి8 బిషప్‌ను ఎఫ్5కి తీసి, తర్వాతే ఇ6 ఆడు. ముందే ఇ6 ఆడితే ఆ బిషప్ నీ బంట్ల వెనకే చిక్కుకుపోతుంది. అప్పుడు ఈ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) ఎంచుకున్న ఫలితమే ఉండదు.

గడియారం సంగతి. తెలిసిన ఎత్తులు త్వరగా ఆడినా ఫరవాలేదు. ప్రత్యర్థి నీకు తెలియని ఎత్తు వేసిన క్షణంలో మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చో. మిగుల్చుకున్న సమయమంతా అందుకే. ముట్టుకున్న పావును కదపాల్సిందేనని నీకు తెలుసు. ఎత్తు వేశాకే స్కోర్‌షీట్‌లో, అంటే ఎత్తులు నమోదు చేసే కాగితంలో, రాయాలి, ముందుగా రాయకూడదు. ఫోను గదిలోకే తీసుకువెళ్ళకు.

ఆట అయ్యాక స్కోర్‌షీట్ ఫోటో నాకు పంపు. కంప్యూటర్‌లో చూడకముందే, ప్రతి ఎత్తు దగ్గర నువ్వేమి అనుకున్నావో పక్కన రాయి.

మీ మామయ్య