దయ, కనికరం, క్షమాభిక్ష: ఇంగ్లీషు అప్లికేషన్‌ల ఏ పదం ఎక్కడ రాయాలె?

మెర్సీ, కంపాషన్, లీనియెన్సీ, పిటీ, కైండ్‌నెస్ అన్నీ దయే కదా, అప్లికేషన్‌ల ఏది రాస్తే ఏందని కొందరు అడిగిండ్రు. డిక్షనరీ చూస్తే నిజంగనే అన్నీ ఒక్క తీరే కనవడ్తయి. నేను నల్లగొండల కలెక్టరేట్ దగ్గర డీటీపీ షాపుల కూసొని అర్జీలు టైప్ చేస్త, సోమవారం ప్రజావాణి అంటే పొద్దుగాలనే లైను కడ్తరు, ఎక్కువ తెలుగుల రాసేటివే గానీ ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, కోర్టు కాయితాలు వస్తే ఇంగ్లీషే. సో నేను చెప్పేది గ్రామర్ కాదు, ఆఫీసుల ఏ మాట పనిచేస్తది, ఏ మాట మనకే ఎదురు తిరుగుతది అన్నది.

ముందు చూసుకోవాల్సింది ఒక్కటే, తప్పు మీదా కాదా. తప్పైందని ఒప్పుకొని శిక్ష తగ్గించమంటే మెర్సీ, లీనియెన్సీ, పార్డన్, క్లెమెన్సీ ఈ బ్యాచ్. తప్పేం లేదు, కష్టమొచ్చి పడ్డదంటే కంపాషన్, హ్యుమానిటేరియన్ గ్రౌండ్స్. ఇగ మీకు రావాల్సిందే ఆగిపోయిందంటే అసలు దయ ముచ్చటే తియ్యొద్దు.

ఈ మూడోదాంట్లనే మనోళ్లు ఎక్కువ ఆగమైతరు. మునుగోడు దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది, వేలిముద్రలు పడక ఆసరా పింఛను ఆగింది, మనుమడు ఫోన్‌ల ఇంగ్లీషు చేయించి ప్రింటు కూడ తీసుకొచ్చిండు, అందుల "ఐ బెగ్ యువర్ మెర్సీ, ప్లీజ్ ఫర్‌గివ్ మీ" అని ఉన్నది. చదివితే అవ్వనే దొంగ పింఛను తిని దొరికినట్టున్నది! ఫర్‌గివ్ ఎందుకు పెట్టినవ్‌రా అంటే, అమ్మమ్మ "తప్పుంటే మన్నించుండ్రి సారూ" అని చెప్పమన్నది అందుకే అన్నడు. మన దగ్గర అది మర్యాద, ఇంగ్లీషు కాయితం మీద అది నేరం ఒప్పుకున్నట్టే. అదంత తీసేసి ఏ నెల నుంచి ఆగింది, వేళ్ల గీతలు అరిగి మెషిన్ల పడ్తలేవు, పింఛను రిస్టోర్ చేసి ఆగిన నెలల అరియర్స్ ఇవ్వాలె అని నాలుగు లైన్లు కొట్టిన, ఒక్క కైండ్లీ పెట్టిన. అవ్వ మాత్రం దండం రాసినవా బిడ్డా, దండం రాసినవా అని అడుగుతనే ఉన్నది.

కైండ్లీ అంటే దయ కాదు, ఉత్త మర్యాద, ఎక్కడైనా నడుస్తది. కాకపోతే "ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ" అని రాయకుండ్రి, అట్ల రాస్తే దయగల మనిషివి నువ్వైతవు, సారు కాదు. "ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ" అనాలె.

ఉద్యోగస్తులకు చార్జ్ మెమో (నువ్వు తప్పు చేసినవని ఆఫీసు ఇచ్చే కాయితం) వస్తే వాడేది "టేక్ ఎ లీనియెంట్ వ్యూ", అంటే కొంచెం మెత్తగ చూడుండ్రని. మెర్సీ అంటే ఓవర్ అయితది, లీనియెంట్ సరిపోతది. కానీ ఒకే లెటర్ల పైన నేను ఆ తప్పు చెయ్యలేదని రాసి కింద లీనియెంట్ వ్యూ అంటే వాళ్లు కిందిదే పట్టుకుంటరు, ఏదో ఒకటి తేల్చుకున్నంకనే టైపింగ్‌కు రండి. ఆలస్యమైతే, అటెండెన్స్ తక్కువైతే మాట వేరే, కండోన్, అంటే ఆ లోపాన్ని మాఫీ చెయ్యమనుడు. కోర్టుల గడువు దాటితే చూసే లిమిటేషన్ యాక్ట్ 1963 సెక్షన్ 5ల అడిగేది సఫిషియెంట్ కాజ్, అంటే కారణం చూపియ్యాలె, ఏడుపు కాదు. డాక్టర్ సర్టిఫికెట్ జత చేస్తే పది లైన్ల కన్నీళ్లకంటె నయం.

మెర్సీ పిటిషన్ అంటే మన ఆఫీసులల్ల ఉరిశిక్ష కేసే గుర్తొస్తది. ఆర్టికల్ 72 కింద రాష్ట్రపతికి, 161 కింద గవర్నర్‌కు అధికారం ఉన్నది, తమాషా ఏందంటే ఆ ఆర్టికల్స్‌ల మెర్సీ అన్న మాటే లేదు, ఉన్నయి పార్డన్, రిప్రీవ్, రెమిషన్, కమ్యూట్ లాంటివి. పార్డన్‌ల శిక్ష మొత్తం పోతది, కమ్యూట్ అంటే ఉరిశిక్షను మార్చి యావజ్జీవం చేసుడు, రెమిషన్ల శిక్ష అదే ఉంటది కాలం తగ్గుతది, రిప్రీవ్ కొన్నాళ్లు ఆపుడు. మన పేపరోళ్లు అన్నిటికి క్షమాభిక్ష అనే వేస్తరు. సత్ప్రవర్తన చూసి ఖైదీలను ముందే వదిలితే (అది రెమిషన్) క్షమాభిక్షే, యూఏఈల వీసా అయిపోయినోళ్లకు 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇచ్చిన ఆమ్నెస్టీ కూడ క్షమాభిక్షే. కాబట్టి గల్ఫ్ కాయితం రాస్తే క్షమాభిక్షను చూసి మెర్సీ అని పెట్టకుండ్రి, ఆమ్నెస్టీ.

కంపాషన్‌కు పెద్ద అడ్డా కారుణ్య నియామకం, అంటే సర్కారు కొలువుల ఉండంగ పోయినోని ఇంట్లోళ్లకు ఇచ్చే ఉద్యోగం. 1977 అక్టోబర్ 3 నాటి జీవో 687 నుంచి వస్తున్న స్కీము. అప్లికేషన్‌ల "డైడ్ ఇన్ హార్నెస్" అని రాస్తరు, హార్నెస్ అంటే పశువుకు కట్టే పగ్గాలు, జీను, అంటే కాడి మీద ఉండంగనే పోయిండని, ఉద్యోగం చేసినోనికి సరిగ్గ సరిపోయిన మాటనే! ఇక్కడ కూడ జాలి చూపి ఇచ్చుడు కాదు, ఇది హక్కు కాదు, కుటుంబం ఒక్కసారే రోడ్డున పడకుండ ఆదుకునేటందుకే అని సుప్రీంకోర్టు 1994లనే చెప్పింది. అందుకని ఇంట్ల సంపాదించేటోళ్లు ఇంకెవ్వరు లేరు, అప్పెంత, పిల్లలెందరు అని వివరం రాయాలె, ఆ పేదరికాన్నే ఇంగ్లీషుల "ఇండిజెంట్ సర్కమ్‌స్టాన్సెస్" అంటరు. ఉద్యోగి చనిపోయినంక ఏడాది లోపలనే పెట్టుకోవాలె, దినాలు, మాసికాలు అనుకుంట ఆగకుండ్రి.

పిటీ ఎక్కడా వద్దు, పైన నిలబడి కిందికి చూసే జాలి అది.

చివరిది ఎక్స్‌గ్రేషియా. లాటిన్ మాట, దయతో ఇచ్చేదని అర్థం, గ్రేస్ మార్కులల్ల గ్రేస్ కూడ ఆ వేరుదే. పిడుగు పడో కరెంటు షాక్ తగిలో మనిషి పోతే సర్కారు ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా అయితే అయితది గానీ, ప్రాజెక్టు కింద భూమి పోయినోళ్లు కూడ "ఎక్స్‌గ్రేషియా ఇప్పించగలరు" అని రాయించుకుంటున్నరు, అది చూస్తే నాకు మస్తు కోపమొస్తది. 2013 భూసేకరణ చట్టం పేరే "రైట్ టు ఫెయిర్ కాంపెన్సేషన్" అని మొదలైతది. కాంపెన్సేషన్ అనే రాయించుకోండ్రి, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, అవార్డు (పరిహారం ఎంతో తేల్చిన ఆర్డరు) తేదీ, నోటీసు జిరాక్సు అన్నీ పెట్టి, ఇచ్చినంక ఆఫీసుల రశీదు మీద ముద్ర ఏయించుకొని రండి.