ఎంబీఏ నుంచి ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి: మీ పాత పనిని దాచకండి

"అన్నా, ఎంబీఏ సీటొచ్చింది, ఆగస్టులో వస్తున్నాను. ప్రొడక్ట్ మేనేజర్ అవ్వాలంటే ఏ సర్టిఫికెట్ చేయాలి?" ప్రతి వేసవిలోనూ ఈ ప్రశ్నతో నాకు ఫోన్లు వస్తాయి. నేను అమెరికాలోని సియాటిల్‌లో ఉంటాను. ఇక్కడే ఎంబీఏ చేసి, ఒక యాప్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఏం తయారు చేయాలో తేల్చే ఈ ఉద్యోగంలోకి వచ్చాను, ఇప్పుడు ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను.

సర్టిఫికెట్ అక్కర్లేదు. అది చూసి నేను ఒక్కరినీ ఇంటర్వ్యూకి పిలవలేదు. ఆ డబ్బు విమానం టికెట్టుకి దాచుకోండి.

ముందు క్యాలెండర్ సంగతి అర్థం చేసుకోండి. రెండేళ్ల కోర్సు కదా, మొదటి సెమిస్టర్‌లో కుదురుకుని తర్వాత చూసుకుందాం అనుకుంటారు. ఆగస్టులో క్లాసులు మొదలైతే, ఇల్లు వెతుక్కుని బ్యాంకు అకౌంట్ తెరిచేలోపే కంపెనీలు క్యాంపస్‌కి వచ్చేస్తాయి. పెద్ద కంపెనీల వేసవి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు చాలావరకు చలికాలంలోనే ముగుస్తాయి. ఆ ఇంటర్న్‌షిప్ బాగా చేసినవాళ్లలో చాలామందికి ఫుల్‌టైమ్ ఆఫర్ కూడా అక్కడి నుంచే వస్తుంది. అంటే మొదటి ఇంటర్వ్యూలో మీరు చెప్పబోయేది ఇక్కడ నేర్చుకున్నది కాదు, ఇండియా నుంచి మోసుకొచ్చింది. ఎంబీఏ చేస్తే ఎంత ఎదగొచ్చో చూడమని ఇంట్లోవాళ్లు సత్య నాదెళ్ల పేరు చెబుతారు. ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం చేస్తూనే చికాగో యూనివర్సిటీలో చదివి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. పని ముందు, పట్టా తర్వాత.

మనవాళ్లు ఆ పాత పనినే దాచేస్తారు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు సపోర్ట్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ఫిర్యాదులు (టికెట్లు) సరిచేసే పనిలో ఉన్న ఒక అమ్మాయి రెజ్యూమే చూశాను. "ప్రొడక్షన్ సపోర్ట్ టికెట్లు పరిష్కరించాను" అని ఒక్క లైను రాసి, మిగతా పేజీ అంతా కాలేజీ ప్రాజెక్టులతో నింపింది. ఆ నాలుగేళ్లలో మీకు చిరాకు తెప్పించిన విషయం ఒకటి చెప్పమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. అది ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. నెలాఖరు వస్తే చాలు, బిల్లులు రద్దయిపోయాయని ఫిర్యాదులు. టీమంతా ఒక్కొక్క బిల్లునే సరిచేసి టికెట్ మూసేసేవారు. ఈమె ఒకరోజు కౌంటర్‌లో ఉండే ఉద్యోగినికి ఫోన్ చేసి, ఆ సమయంలో మీరేం చేస్తున్నారో చెప్పండి అని అడిగింది. రోగి ఫోన్ నంబరు తప్పుపడితే దిద్దడానికి ఆ స్క్రీన్‌లో దారి లేదు. అందుకని పాత బిల్లు రద్దు చేసి కొత్తది వేస్తున్నారు. ఈమె ఎడిట్ బటన్ ఒకటి పెడదామని అడిగింది, టీమ్ లీడ్ వద్దన్నాడు. మూడు నెలల టికెట్లు లెక్కవేసి మళ్లీ చూపించింది, ఒప్పుకున్నాడు.

ప్రొడక్ట్ మేనేజర్ పని అచ్చంగా ఇదే. ఏం తయారు చేయాలి, ఏది ఇప్పుడు వద్దు, ఎందుకు అన్నది తేల్చాలి. కోడ్ ఇంజనీర్లు రాస్తారు, స్క్రీన్లు డిజైనర్లు గీస్తారు. వాళ్లెవరూ సాధారణంగా మీ కింద పనిచేయరు, కాబట్టి చెప్పి చేయించడం కుదరదు, ఒప్పించాలి. ఆ అమ్మాయి వాడినవాళ్లను అడిగింది, లెక్క తీసింది, లీడ్‌ని ఒప్పించింది. ఆ పేరు లేకుండానే ఆ పని చేసేసింది.

ఇంకొక అలవాటు మనకి బాగా అడ్డొస్తుంది. నా మొదటి ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు "మేము చేశాం, మా టీమ్ చేసింది" అంటూ మాట్లాడాను. చివర్లో ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ, "ఇందులో మీరు తీసుకున్న నిర్ణయం ఏది?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు, నోటికి రాలేదు. ఆ ఇంటర్న్‌షిప్ పోయింది. "నేను" అనడం గొప్పలు చెప్పుకోవడమని మనల్ని పెంచారు, అది మంచి పెంపకమే. కానీ ఇంటర్వ్యూలో వాళ్లకు కావలసింది మీ నిర్ణయం, దానికి మీ కారణం. టీమ్ చేసింది టీమ్‌దని, మీరు చేసింది మీదని విడదీసి చెప్పండి. అందులో అబద్ధమూ లేదు, అహంకారమూ లేదు.

"మీకు నచ్చిన ప్రొడక్ట్ ఏది?" అని తప్పకుండా అడుగుతారు. అందరూ అవే నాలుగు అమెరికన్ యాప్‌ల పేర్లు చెబుతారు. మీరు మన టీ కొట్టు మీద ఉండే సౌండ్‌బాక్స్ గురించి చెప్పండి. టీ వడగడుతున్న మనిషి చేతులు తడిగా ఉంటాయి, ముందు పదిమంది నిలబడి ఉంటారు, ఫోన్ తీసి చూసే తీరిక లేదు. డబ్బు పడగానే పెట్టె తెలుగులో గట్టిగా చెబుతుంది. పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్ల బెడదా తగ్గింది. చాలాచోట్ల దానికి నెలనెలా అద్దె కూడా వసూలు చేస్తారు, కాబట్టి కంపెనీకి ఆదాయం. ఇక దాన్ని ఎలా బాగుచేస్తారని అడుగుతారు. సంతలో గోల ఎక్కువైతే వినబడదు కదా, అప్పుడేం చేయాలి? ఇద్దరు ఒకేసారి ఇరవై రూపాయలు వేస్తే ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఇలా ఆలోచించడానికి మీకు ఏ పుస్తకమూ అక్కర్లేదు, మీరు ఆ కొట్టు దగ్గర నిలబడ్డవారే.

చదువుకోవలసినవి కొన్ని ఉన్నాయి: ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష), ఏ/బీ టెస్ట్ (రెండు రకాలు వేర్వేరు జనానికి చూపించి ఏది మెరుగో పోల్చడం) ఎలా చేస్తారు, ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడుకునే దారి) అంటే ఏమిటి. ఇంజనీరింగ్ చేసినవాళ్లకి అది కొన్ని వారాల పని.

వీసా సంగతి మాత్రం సీటు ఒప్పుకోకముందే చూసుకోండి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద, మీ కోర్సు ఏ విభాగమో చెప్పే సీఐపీ కోడ్ ఉంటుంది. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ 52.0201 స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కిందకి రాదు, మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301 వస్తుంది. స్టెమ్ కాకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, 12 నెలలే. స్టెమ్ అయితే, ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉన్న కంపెనీలో చేస్తూ ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మొదటి ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. నియమాలు మారుతుంటాయి, కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు. లేని అనుభవం రెజ్యూమేలో పెడతామనే కన్సల్టెన్సీల మాట వినకండి. అది బయటపడితే ఉద్యోగంతోపాటు వీసా కూడా పోవచ్చు, మీ చదువు కోసం అప్పు తెచ్చిన అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నారు.

నేరుగా ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగం రాకపోతే? ఆ 90 రోజుల టెన్షన్‌లో పేరు కోసం పట్టుబట్టకండి. ప్రోగ్రామ్ మేనేజర్‌గానో బిజినెస్ ఎనలిస్ట్‌గానో, ప్రొడక్ట్ తయారుచేసే టీమ్ పక్కనే ఉండే పనిలో చేరండి. నేను అలాగే చేరి, రెండేళ్ల తర్వాత అదే కంపెనీలో మారాను. లోపల ఉన్నవాళ్లు మీ పని కళ్లతో చూస్తారు, అక్కడ ఒప్పించడం తేలిక.

టికెట్టు బుక్ చేసుకునేలోపు ఇది చేయండి. మీ ఉద్యోగంలో ఎవరూ చెప్పకుండా మీరు పట్టించుకున్న మూడు సంగతులు తెలుగులోనే రాయండి. ఎవరికి ఇబ్బంది, మీరేం చూశారు, ఎవరు వద్దన్నారు, ఏం మారింది. చివరిదాని దగ్గర మీ కలం ఆగుతుంది, ఎందుకంటే మార్పు వచ్చాక ఇబ్బంది ఎంత తగ్గిందో మనం ఎప్పుడూ లెక్క చూసుకోం. ఎడిట్ బటన్ వచ్చాక ఫిర్యాదులు ఎంత తగ్గాయో ఆ అమ్మాయీ చూసుకోలేదు. పాత టీమ్‌లో ఇంకా ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేయమన్నాను, కంపెనీ రహస్యాలేవీ అడగకుండా, తగ్గాయా లేదా అని మాత్రం.