మృగశిర రాకముందే వాకిలి పని

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ముందు పది అడుగుల వాకిలి, పక్కన సందు, వెనక ఇరవై అడుగులకు పదిహేను అడుగుల పెరడు. ఈ రోజుల్లో హనుమకొండలో ఆ మాత్రం నేల మిగిలిన ఇల్లు దొరకడం అదృష్టమే. దానంతటికీ టైల్స్ పరిపించాలని అల్లుడు ఎవరితోనో లెక్క వేయించాడని, ఆ అంచనా విని నీకు గుండె జారిపోయిందని రాశావు. మీ దగ్గర పదిహేను వేలే ఉండడం ఒక విధంగా మంచిదైంది. చేతినిండా డబ్బుంటే ఈపాటికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోయించుకుని ఉండేవారు.

జీవితమంతా కట్టడం పనుల్లో గడిపినవాణ్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వాకిలి మొత్తం కప్పేయవద్దు. అలా కప్పిన ఇళ్లలో వైశాఖ మాసపు రాత్రి పది గంటలకు కూడా కింద నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. వాన పడితే ఇంకే చోటు లేక నీళ్లన్నీ గేటు దగ్గరికో గడప దగ్గరికో చేరతాయి. 2020 ఆగస్టు వానలకు మన ఊళ్లో కాలనీలకు కాలనీలు నీట మునగడం నువ్వూ చూశావు. నాలాలు, చెరువు శిఖాలు, అంటే చెరువు లోపలి నేలలు, మన చేతిలో లేవు. మన ఇంటి మీద పడిన వాన మాత్రం మన చేతిలో ఉంది. ఉన్న డబ్బులో సగం నీళ్లకూ నడిచే నేలకూ పెట్టు. మిగతాది నీడకు, గోడకు, మొక్కలకు సరిపోతుంది. అలంకారం వస్తువులకు ఈ ఏడు రూపాయి కూడా వద్దు.

మొదట నీళ్ల సంగతి తేల్చుకో. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఇరవై అడుగులు కొనుక్కుని, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపు. ఒక కొస నువ్వు పట్టుకుని గడప దగ్గర నిలబడు, రెండో కొస అల్లుడికిచ్చి గేటు దగ్గర నిలబెట్టు. రెండు వైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ మట్టం నుంచి నేల ఎంత లోతుగా ఉందో రెండు చోట్లా టేపుతో కొలువు. గేటు వైపు కొలత ఎక్కువ వస్తే వాలు బయటికి ఉన్నట్టు. గడప వైపు ఎక్కువ వస్తే నీళ్లు ఇంటి పునాదికే వస్తున్నట్టు, ముందుగా అది సరిచేయాలి. అడుగుకు పావు అంగుళం వాలు ఉంటే చాలు. కంటికి తెలియదు, కాలికి తగలదు, నీళ్లు మాత్రం నిలవవు.

ఇప్పుడు ఇంకుడు గుంత. మీ డాబా పన్నెండు వందల చదరపు అడుగులు అన్నావు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే పదకొండు వందల లీటర్ల పైచిలుకు నీళ్లు దిగుతాయి. పెరట్లో నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు గుంత తవ్వితే, రాళ్లు నింపిన తర్వాత వాటి సందుల్లో ఆరేడు వందల లీటర్లు నిలుస్తాయి. అయితే తవ్వే ముందు ఒక పరీక్ష చేయాలి. గుంత పెట్టదలచిన చోట గడ్డపారతో మోకాలి లోతు గొయ్యి తీసి, సాయంత్రం నిండా నీళ్లు పోసి ఉదయం చూడు. మొరం నేలైతే తెల్లారేసరికి చుక్క ఉండదు. నల్లరేగడి తగిలితే మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటాయి. అలాంటి చోట గుంత తవ్వడం డబ్బు దండగ, మరో మూల వెతుక్కో. ఎక్కడ తవ్వినా పునాదికి పది అడుగుల దూరం తప్పనిసరి.

అడుగున తలకాయంత రాళ్లు, వాటిపైన కంకర, అన్నిటికంటే పైన జానెడు మందాన దొడ్డు ఇసుక. డాబా గొట్టాన్ని దీంట్లోకి మళ్లించి, నిండితే పొర్లిపోయేందుకు పై అంచున మరో గొట్టం వీధి కాలువ వైపు పెట్టు. ఏటా వానలకు ముందు పైనున్న ఇసుక తీసి కడగాలి, లేకపోతే ఒండ్రు పట్టి ఇంకడం మానేస్తుంది. చిన్నవాడు పాకే వయసులో ఉన్నాడు కాబట్టి తవ్విన గుంతను ఒక్క రాత్రి కూడా తెరిచి ఉంచవద్దు. తలుపు చెక్కో రేకో కప్పి, మీద బరువు పెట్టు.

ఎండ ముదిరింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో గడ్డపార పట్టుకోవద్దు. తవ్వే పని పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే. ముందు రోజు సాయంత్రం ఆ చోట నీళ్లు చల్లి ఉంచితే మట్టి సులువుగా వస్తుంది.

నడిచే బాటకు ఇటుక మంచిది. పాత ఇళ్లు పడగొట్టే చోట ఇటుకలు చవకగా దొరుకుతాయి. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఇటుకను పడుకోబెట్టి పరిస్తే చదరపు అడుగుకు నాలుగు పడతాయి. గేటు నుంచి సందు మీదుగా పెరటి దాకా మూడు అడుగుల వెడల్పుతో పాతిక అడుగుల బాటకు మూడు వందలు కావాలి. విరిగేవి ఉంటాయి, మూడు వందల ముప్పై తెచ్చుకో. కొనేటప్పుడు రెండు ఇటుకలు చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి చూడు. ఖంగుమంటే బాగా కాలినవి. మొద్దుగా మోగితే పచ్చివి, రెండు వానలకే పిండి రాలతాయి. మట్టితో కట్టిన గోడల ఇటుకలైతే శుభ్రం చేయడం తేలిక. సిమెంటు అంటుకున్నవి బాగు చేయబోతే సగం విరుగుతాయి.

సిమెంటు లేకుండా పరిచే పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా చదువు. బాట వెడల్పున ఆరు అంగుళాలు తవ్వి, అడుగున నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టు. మడమ గట్టిగా ఆనించినా గుర్తు పడకూడదు, అప్పటిదాకా కొడుతూనే ఉండాలి. తక్కువ ఖర్చు పనులు ఏడాదికే పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. పైకి కనబడదు కదా అని కొట్టడం మధ్యలో ఆపేస్తారు, వాన పడ్డాక ఒక ఇటుక దిగి మరొకటి లేస్తుంది. తర్వాత మొరం వేసి మళ్లీ కొట్టు. ఆపైన రెండు అంగుళాల క్రషర్ డస్టు, అంటే కంకర మిల్లు రాతి పొడి, పరిచి, తిన్నని చెక్కతో లాగి చదును చెయ్యి. ఇటుక పెట్టాక పక్కకు జరపవద్దు, పైనుంచి చెక్క సుత్తితో తట్టి కూర్చోబెట్టు. రెండు అంచులా నిలువు ఇటుకల వరుస ఒకటి పాతు, ఆ రెండు వరుసలకే కాస్త సిమెంటు వాడు. అంచు గట్టిగా ఉంటే మధ్యలోవి ఎటూ కదలవు. చివరగా పొడి ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి ఊడ్చు. వారం తర్వాత ఇసుక దిగినచోట మళ్లీ ఊడ్చు. వాన నీరు ఆ సందుల్లోంచే నేలలోకి పోతుంది. రేపు కింద గొట్టం పగిలినా నాలుగు ఇటుకలు తీసి, బాగు చేసి, మళ్లీ అవే పెట్టుకోవచ్చు.

పెరట్లో కొళాయి దగ్గర, బట్టలు ఉతికే చోట మాత్రం రాయి కావాలి. కరీంనగర్ వైపు గ్రానైట్ కోసే చోట మిగిలిన ముక్కలు చవకగా ఇస్తారు. తెలిసిన ఆటో ట్రాలీ ఉంటే ఒకసారి తెప్పించు. మెరిసే ముఖం కిందికి, గరుకు ముఖం పైకి వచ్చేలా పరచాలి. నలుగురూ అందానికని నున్నటి వైపు పైకి పెడతారు. తడి మీద పెద్దవాళ్లు కాలు జారేది అక్కడే. మీ అత్తగారి మోకాళ్ల సంగతి నీకు తెలుసు.

ప్రహరీ గోడకు సున్నం చాలు. రాళ్ల సున్నం తెచ్చి ఇనుప డ్రమ్ములో తడుపు. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి కరుగుతుంది. ముందు నీళ్లు పోసి అందులో సున్నపు రాళ్లు కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే కుతకుత ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ముట్టవద్దు, పిల్లవాణ్ని ఆ దరిదాపులకు రానివ్వవద్దు. రెండు రోజులు ఊరనిచ్చి, గుడ్డతో వడగట్టి, కాస్త బంకా ఉప్పూ కలిపి, పలచటి మజ్జిగలా చేసుకో. గోడను తడిపి, పలచగా రెండు మూడు పూతలు వెయ్యి. చిక్కగా ఒక్కసారే వేస్తే పెచ్చులు లేస్తుంది. రంగు వేసిన గోడకైతే సున్నం అంటదు. మీది ఇంకా ఉత్త ప్లాస్టరే కదా, ఇబ్బంది లేదు. మిగిలిన సున్నం డాబాకు పూయండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకోసమే.

నీడకు రేకుల షెడ్డు వద్దు. రేకు కింద మే నెలలో ఎవరూ కూర్చోలేరు. మీ పెరటికి పడమటి ఎండ తగులుతోంది, ఆ వైపు వెదురు పందిరి వెయ్యండి. మేదరివాళ్ల దగ్గర ముదురు బొంగులు అడుగు. లేత వెదురుకు త్వరగా పురుగు పడుతుంది. రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టినవైతే ఇంకా మంచిది. నేలలోకి దిగే అడుగున్నర భాగానికి తారు పూయకుండా పాతవద్దు, చెద ఊరుకోదు. ఆషాఢంలో పందిరి మొదట చిక్కుడు, కాకర పెట్టు. సంక్రాంతికి పందిరి నిండా చిక్కుడుకాయలు ఉంటాయి. శాశ్వతంగా ఉండాలంటే ఒక మూల రాధామనోహరం చాలు, సాయంత్రం వాసనకు పక్కింటివాళ్లు కూడా నీకు రుణపడతారు.

పచ్చిక మీద మనసు పడ్డావు. మన ఎండలకు దాన్ని బతికించడానికి తాగే నీళ్లు పొయ్యాల్సి వస్తుంది, మానుకో. ప్లాస్టిక్ గడ్డి సంగతి అసలు ఎత్తవద్దు, ఎండకు కాలు పెట్టలేనంత కాలుతుంది. ఆ చోట బతుకమ్మ పూల మడి వెయ్యి. జులైలో బంతి విత్తనం చల్లి, మొలకలు చేతివేలంత అయ్యాక అడుగున్నర దూరంలో నాటితే ఎంగిలిపూల నాటికి పూత అందుకుంటుంది. గునుగు విత్తనం చేను గట్ల మీద కావలసినంత, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. తంగేడు విత్తనం పెంకు గట్టిది. గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది, రాత్రంతా నానబెట్టి, మొరం ఉన్న ఎండ మూలలో పెట్టు. మందారం, నందివర్ధనం, కాగితపు పూలు నర్సరీలో కొనవద్దు. వానలు మొదలయ్యాక నలుగురి ఇళ్ల నుంచి పెన్సిలంత లావు కొమ్మలు తెచ్చి గుచ్చు. పదింటిలో సగం బతికినా నీ వాకిలి నిండుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు అరటి మొదటికి మళ్లించు. కుండీల కింద పళ్లేలు పెడితే వారానికొకసారి నీళ్లు పారబొయ్యి, దోమ గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు.

కూర్చోవడానికి బల్లలు, ఉయ్యాలలు కొనవద్దు. గుమ్మం పక్కన మూడు ఇటుక దిమ్మెలు అడుగున్నర ఎత్తు కట్టి, మీద నాలుగు అడుగుల షాబాద్ బండ వెయ్యి. దిమ్మెలు రెండే కట్టి మధ్య ఖాళీ వదిలితే ఇద్దరు కూర్చోగానే బండ పగులుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు పరచడానికి కొత్తవాడ జంపఖానా మీ అమ్మ దగ్గర మడతపెట్టి ఉంది, అడిగి తెచ్చుకో.

మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయంటారు. అది జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆ లోపు గుంత, బాట, సున్నం పూర్తి కావాలి. పందిరి, మొక్కలు వానలతో పాటు. మధ్యలో డబ్బు తగ్గితే ఆ బండ అరుగు ఆపు, గుంత మాత్రం ఆపవద్దు.

దిమ్మిస, రసమట్టం, తాపీ మా ఇంట్లోనే ఉన్నాయి, కొనవద్దు. శనివారం పొద్దున బస్సులో తెస్తాను. అప్పటికి నీళ్లు పోసిన గొయ్యి తెల్లారి ఎలా ఉందో ఫొటో తీసి పంపు, ఏ మూల తవ్వాలో దాన్ని బట్టి తేలుద్దాం. మీ అత్తయ్య కరివేపాకు పిలకలు రెండు తడిగుడ్డలో చుట్టి ఇస్తానంది. వాటికి నీడ పట్టున ఒక చోటు చూసి ఉంచు.

ఆశీస్సులతో,
మీ మామయ్య