బెల్టు, చెక్కు, కాంట్రాక్టు గడువు

అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో పాత రోజుల డబ్బు గొడవల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ వారం జవాబులు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే అప్పట్లో విన్స్ మెక్‌మాన్ నడిపిన కంపెనీ, 2002 నుంచి దాని పేరు డబ్ల్యూడబ్ల్యూఈ. డబ్ల్యూసీడబ్ల్యూ అంటే టెడ్ టర్నర్ టీవీ సంస్థ చేతిలో ఉన్న పోటీ కంపెనీ.

ప్రశ్న: ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడతారు కదా! మరి బెల్టు కోసం అన్ని పంతాలెందుకు?

జవాబు: గెలుపోటములు నిర్ణయించేది బుకర్. దాన్ని బరిలో అమలు చేయాల్సింది మాత్రం రెజ్లర్లే. వాళ్లలో ఒకడు మాట తప్పితే, వేలమంది చూస్తుండగా ఎవరూ ఏమీ చేయలేరు. 1925 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో అదే జరిగింది. అప్పటి ఛాంపియన్ వేన్ మన్ అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాడు, కుస్తీ పట్లు అంతంతమాత్రం. అతని చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకున్న స్టానిస్లాస్ జిబిస్కో బరిలో దిగాక నిజంగానే కుస్తీ పట్టి అతన్ని చిత్తు చేశాడు. టైటిల్ పోటీ ముఠా చేతికి వెళ్లిపోయింది. మన గామాతో 1910లో లండన్‌లో, 1928లో పటియాలాలో తలపడ్డ జిబిస్కో ఇతనే.

ఇలాంటి భయంతోనే ప్రమోటర్ల (షోలు నడిపే యజమానుల) సమాఖ్య నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ తన ఛాంపియన్ దగ్గర 25,000 డాలర్ల డిపాజిట్ కట్టించుకునేది. బెల్టు తిరిగిస్తే డబ్బు తిరిగొస్తుంది. ఆ ఏర్పాటే 1991లో ఎదురు తిరిగింది. అప్పటి ఛాంపియన్ రిక్ ఫ్లెయిర్‌కూ, ఆ అలయన్స్‌లో సభ్యురాలైన డబ్ల్యూసీడబ్ల్యూ అధిపతి జిమ్ హెర్డ్‌కూ కాంట్రాక్టు దగ్గర చెడింది. జులైలో బాల్టిమోర్‌లో జరగాల్సిన పెద్ద షోకు కొద్ది రోజుల ముందు ఫ్లెయిర్‌ను తీసేశారు. తన డిపాజిట్ వడ్డీతో సహా ఇవ్వలేదు కాబట్టి బెల్టు తనదేనన్నాడు ఫ్లెయిర్. దాన్ని తీసుకెళ్లి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలో ‘అసలైన ప్రపంచ ఛాంపియన్’ననిపించుకున్నాడు. ఇటు బాల్టిమోర్‌లో హడావిడిగా సర్దిన వేరే బెల్టుతో టైటిల్ మ్యాచ్ జరిపితే, జనం ఫ్లెయిర్ కావాలంటూ హాలంతా హోరెత్తించారు. విషయం కోర్టుకెక్కాక డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇంకో బెల్టు తెచ్చి, టీవీలో దాని బొమ్మ మసకబార్చి చూపించింది.

ప్రశ్న: జీతం ఎలా లెక్కకట్టేవారు?

జవాబు: నెల జీతమన్నది దాదాపు లేదు. ఆ రాత్రి టికెట్ల మీద వచ్చిన డబ్బులోంచి పన్ను, హాలు అద్దె, ప్రమోటర్ వాటా పోగా మిగిలింది ఆడినవాళ్లందరికీ పంచేవారు. దీన్నే పేఆఫ్ అంటారు. చివరి మ్యాచ్ వాళ్లకు పెద్ద వాటా, మొదటి మ్యాచ్ కుర్రాళ్లకు చిల్లర. చిక్కేమిటంటే లెక్కల పుస్తకం ప్రమోటర్ దగ్గరే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు తెర చాటు నుంచి నిండిన కుర్చీలు లెక్కపెట్టుకుని, తమకు ఎంత రావాలో అంచనా వేసుకునేవారు. పే-పర్-వ్యూ (ఇంట్లో టీవీలో షో చూడ్డానికి విడిగా డబ్బు కట్టే పద్ధతి) వచ్చాక ఆ దారీ మూసుకుపోయింది. ఇళ్లలో ఎంతమంది కొన్నారో కంటికి కనబడదు. కేబుల్ కంపెనీల నుంచి లెక్క తేలి చెక్కు చేతికొచ్చేసరికి నెలలు గడిచేవి.

పైగా రెజ్లర్‌ను ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్‌గా రాసుకుంటారు. హోటల్, అద్దె కారు, తిండి, బరి దుస్తులు సొంత ఖర్చు. ఉద్యోగి తరఫున కంపెనీ కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ వాటా కూడా తనే కట్టుకోవాలి. ఒక్క కారులో నలుగురు భారీ మనుషులు ఇరుక్కుని రాత్రంతా ప్రయాణం చేసింది ఖర్చు పంచుకోవడానికే. కాబట్టి ఆనాటి చెక్కు మీది అంకె చూసి మురిసిపోకండి, మిగిలింది వేరు. ఈ పద్ధతి చట్టవిరుద్ధమంటూ 2008లో స్కాట్ లెవీ (రేవెన్), క్రిస్ కాన్యన్, మైక్ శాండర్స్ దావా వేశారు. గడువు దాటాక వచ్చారంటూ మరుసటి ఏడాది కోర్టు కొట్టేసింది. అసలు ప్రశ్న తేలకుండానే ఉండిపోయింది. మా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అతి పెద్ద అన్యాయం ఇదే. ఛాంపియన్ బ్రెట్ హార్ట్‌ను మోసంతో ఓడించిన 1997 మాంట్రియల్ లాంటివి దీని ముందు చిన్నవి.

ప్రశ్న: ఆ మాంట్రియల్ సంగతే వివరంగా చెప్పండి. తప్పు బ్రెట్ హార్ట్‌దా, మెక్‌మాన్‌దా?

జవాబు: తేదీలు వరసగా పెట్టుకుంటేనే ఇది అర్థమవుతుంది.

1996 శరదృతువులో డబ్ల్యూసీడబ్ల్యూ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఉన్న బ్రెట్‌కు ఏడాదికి 28 లక్షల డాలర్ల చొప్పున మూడేళ్లకు ఇస్తామంది. అంత ఇవ్వలేని మెక్‌మాన్ 20 ఏళ్ల కాంట్రాక్టు ముందుపెట్టాడు. మొదటి మూడేళ్లు 15 లక్షలు, తర్వాత ఏడేళ్లు 5 లక్షలు, చివరి పదేళ్లు రెండున్నర లక్షలు, మొత్తం కోటీ 5 లక్షల డాలర్లు. బ్రెట్ తక్కువ డబ్బుకే ఉండిపోయాడు. ఆ కాంట్రాక్టులో ఒక షరతు ఉంది: వెళ్లిపోవాల్సి వస్తే చివరి 30 రోజులు తన పాత్రను ఎలా చూపించాలన్న దాంట్లో అతనికి తగిన అధికారం ఉంటుంది.

1997 ఆగస్టు 3న బ్రెట్ అండర్‌టేకర్ మీద గెలిచి ఛాంపియన్ అయ్యాడు. కొన్ని వారాలు తిరక్కుండానే మెక్‌మాన్ తన చేతిలో డబ్బు లేదని, డబ్ల్యూసీడబ్ల్యూతో మాట్లాడుకోమని అతనికే చెప్పాడు. బ్రెట్ నవంబర్ 1న అటు ఖాయం చేసుకున్నాడు. అక్కడ పని మొదలయ్యేది డిసెంబర్‌లో. ఈ మధ్యలో నవంబర్ 9న మాంట్రియల్‌లో షాన్ మైకేల్స్‌తో టైటిల్ మ్యాచ్ వచ్చిపడింది. సొంత దేశం కెనడాలో, తనకు పడని మైకేల్స్ చేతిలో ఓడనన్నాడు బ్రెట్. గొడవతో మ్యాచ్ రద్దయ్యేట్టు, మర్నాడు ఒటావాలో తనే బెల్టు అప్పగించేట్టు మాట కుదిరింది.

మెక్‌మాన్ భయం కూడా ఊహ కాదు. 1995 డిసెంబర్ 18న మెడూసా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల బెల్టును డబ్ల్యూసీడబ్ల్యూ నైట్రో షోలోకి తెచ్చి చెత్తబుట్టలో పడేసింది. ఇప్పుడు సోమవారం నైట్రోలో ‘మీ ఛాంపియన్ మావాడే’ అని చాటితే అదే పరువు నష్టం మళ్లీ. అందుకే బ్రెట్‌కు తెలియకుండా ప్లాను మార్చాడు. మైకేల్స్ షార్ప్‌షూటర్ పట్టు వేశాడు, అది బ్రెట్ సొంత పట్టే. వేయగానే రెఫరీ అర్ల్ హెబ్నర్ గంట కొట్టమన్నాడు, పక్కనే నిలబడ్డ మెక్‌మాన్ కూడా అదే అరిచాడు. బ్రెట్ లొంగనే లేదు, అయినా బెల్టు మైకేల్స్‌కు పోయింది. తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో మెక్‌మాన్ మొహం మీద ఒక్క గుద్దు గుద్దాడు.

షరతు రాసిచ్చిందీ మెక్‌మానే, మాట ఇచ్చిందీ అతనే, తప్పిందీ అతనే. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు. కానీ అసలు పొరపాటు ఇంకా ముందే జరిగింది. జీతం ఇవ్వలేనని చెప్పినప్పుడే, ఎవరికీ నొప్పి లేకుండా ఏ అమెరికా ఊళ్లోనో బెల్టు మార్చేసి ఉండాల్సింది. చివరి వారం దాకా లాగితే ఛాంపియన్‌కు బేరం చేసే బలం, ప్రమోటర్‌కు కంగారు రెండూ పెరుగుతాయి.

ప్రశ్న: మహిళా రెజ్లర్లకూ ఇలా జరిగిందా?

జవాబు: మాంట్రియల్‌కు 12 ఏళ్ల ముందే. 1985 నవంబర్ 25న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఛాంపియన్ వెండీ రిక్టర్ మీదికి ముసుగేసుకున్న ‘స్పైడర్ లేడీ’ వచ్చింది. ముసుగులో ఉన్నది ఫ్యాబ్యులస్ మూలా. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదని రిక్టర్ మీద కంపెనీకి కోపం. ఆమె భుజం పైకెత్తినా రెఫరీ గబగబా మూడు లెక్కపెట్టి ఓడినట్టు తేల్చేశాడు. రిక్టర్ బరి దుస్తులతోనే హాలు వదిలి వెళ్లిపోయింది. పోటీ కంపెనీ కబురు లేదు, కోట్ల బేరం లేదు. న్యాయమైన వాటా అడిగినందుకే ఇది.

ప్రశ్న: ప్రమోటర్‌నే ఇరుకున పెట్టి డబ్బు తీసుకున్నవాళ్లు లేరా?

జవాబు: ఉన్నారు. 1991 జులైలో అల్టిమేట్ వారియర్, కంపెనీ అతి పెద్ద వార్షిక షో రెసిల్‌మేనియా 7కు హల్క్ హోగన్‌కు ఇచ్చినట్టే తనకూ 5,50,000 డాలర్లు కావాలని మెక్‌మాన్‌కు ఉత్తరం రాశాడు. ఆగస్టులో జరిగే సమ్మర్‌స్లామ్ షో టికెట్లు అప్పటికే అమ్ముడుపోతున్నాయి. మెక్‌మాన్ సరేనని జవాబు రాశాడు. ఆగస్టు 26న మ్యాచ్ అయిన రాత్రే వారియర్‌ను సస్పెండ్ చేశాడు.

జెఫ్ జారెట్‌ది ఇంకా శుభ్రమైన లెక్క. అతని కాంట్రాక్టు ముగిసిన మర్నాడు, 1999 అక్టోబర్ 17న, చైనా (Chyna) అనే మహిళా రెజ్లర్ చేతిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు ఓడాల్సి ఉంది. గడువు చూసుకోకపోవడం కంపెనీ తప్పు. రావాల్సింది ముందే తీసుకుని, మ్యాచ్ ఆడి, ఒప్పుకున్నట్టే ఓడి, మర్నాడు నైట్రోలో కనబడ్డాడు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూను కొన్న రోజుల్లోనే మెక్‌మాన్ టీవీలోనే జారెట్ పేరు పలికి, ఉద్యోగం లేదు పొమ్మన్నాడు.

ప్రశ్న: స్కాట్ హాల్ డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్లాక రేజర్ రామోన్ పేరు ఎందుకు వదిలేశాడు?

జవాబు: ఆ పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆస్తి. ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. 1996 మే 27న నైట్రోలో హాల్ పేరు చెప్పకుండా నడిచొచ్చాడు. అయినా నడక, యాస మావేనని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కోర్టుకెళ్లింది. వేరే ఇద్దరికి రేజర్ వేషం, హాల్ లాగే వెళ్లిపోయిన కెవిన్ నాష్ పాత్ర డీజిల్ వేషం వేయించి తన టీవీలో చూపించింది కూడా. జనం వాళ్లను ఒప్పుకోలేదు.

ప్రశ్న: కామెంటరీ చెప్పినందుకు కూడా రాయల్టీ వస్తుందా?

జవాబు: డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో కామెంటరీ చెప్పిన జెస్సీ వెంచురా కోర్టులో సాధించాడు. వీడియో క్యాసెట్లలో అతని గొంతు ఉంది. రాయల్టీ అడిగితే, ముఖ్య ఆటగాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వడం లేదని కంపెనీ చెప్పింది, అతను నమ్మాడు. అది అబద్ధమని తేలాక 1991లో దావా వేశాడు. 1994లో జ్యూరీ 8 లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది, 1995లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. కాంట్రాక్టులో లేకపోయినా మోసపు మాటతో వదులుకున్న హక్కు చెల్లదన్నదే అతని గెలుపుకు ఆధారం.

ఆ కేసులోనే ఇంకో నిజం బయటపడింది. 1986లో రెసిల్‌మేనియా 2కు ముందు వెంచురా డ్రెస్సింగ్ రూమ్‌లో యూనియన్ పెట్టుకుందామన్నాడు. ఆ సంగతి మెక్‌మాన్‌కు చేరవేసింది తానేనని హోగన్ ప్రమాణం చేసి ఒప్పుకున్నాడు.

ప్రశ్న: పోటీ కంపెనీల రెజ్లర్లు ఇద్దరు మూడో కంపెనీ బెల్టు కోసం ఆడారట, నిజమా?

జవాబు: నిజమే. ఆ మూడో కంపెనీ ఈసీడబ్ల్యూ. అక్కడ చెక్కులు సరిగా రాని రోజులవి. 2000 ఏప్రిల్ 10న దాని ఛాంపియన్ మైక్ ఆసమ్ నైట్రోలో ప్రత్యక్షమయ్యాడు. లాయర్ల రాజీ ప్రకారం మూడు రోజులకు ఇండియానాపొలిస్‌లో ఈసీడబ్ల్యూ షోకు వచ్చి టాజ్ చేతిలో ఓడాడు. అప్పటికి ఆసమ్ డబ్ల్యూసీడబ్ల్యూ మనిషి, టాజ్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మనిషి. మరుసటి ఏడాది ఈసీడబ్ల్యూ దివాలా తీసింది. రెజ్లర్లకు బాకీ పడ్డ డబ్బు అలాగే నిలిచిపోయింది.

ప్రశ్న: 2001లో డబ్ల్యూసీడబ్ల్యూ అమ్ముడుపోగానే దాని స్టార్లు గోల్డ్‌బర్గ్, స్టింగ్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు ఎందుకు రాలేదు?

జవాబు: వాళ్ల కాంట్రాక్టులు టర్నర్ మాతృసంస్థ పేరు మీద ఉన్నాయి. అవి అమ్మకంలో భాగం కాలేదు. ఇంట్లో కూర్చున్నా హామీ ఇచ్చిన డబ్బు వస్తుంది, తక్కువకు బరిలోకి ఎందుకు దిగుతారు? బుకర్ టి, డైమండ్ డల్లాస్ పేజ్ మాత్రం ఆ డబ్బులో కోత ఒప్పుకుని వెంటనే వచ్చారు. గోల్డ్‌బర్గ్ 2003లో వచ్చాడు, స్టింగ్ 2014లో.