కౌన్సెలింగ్‌కి వెళ్తే వీసా పోతుందా?

అమెరికాలో ఎంఎస్ చదివే మన పిల్లలు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ గడప తొక్కకపోవడానికి రెండు భయాలున్నాయి: వీసాకి ఎసరొస్తుందని, ఇంట్లో తెలిసిపోతుందని. కౌన్సెలర్‌ని కలిసినంత మాత్రాన అది సెవిస్‌లోకి (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఎక్కదు, ట్రాన్‌స్క్రిప్టులో కనబడదు. ప్రాణాపాయం, పిల్లల మీద దౌర్జన్యం, కోర్టు ఆర్డరు లాంటివి తప్పిస్తే మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా బయటికి పోదు. ఆ షరతుల కాగితం మీద మొదటి రోజే సంతకం అడుగుతారు, చదివి పెట్టండి. చాలాచోట్ల ఖర్చు కూడా హెల్త్ ఫీజులోనే కలిసి ఉంటుంది.

మనవాళ్లు తప్పటడుగు వేసేది మొదటి మాట దగ్గర. "ఐయామ్ ఫైన్, కొంచెం స్ట్రెస్" అని తేల్చేస్తే, వాళ్లూ తేలిగ్గానే తీసుకుంటారు. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదు, రోజుకి ఎన్ని పూటలు తింటున్నారు, ఎన్ని క్లాసులు మానేశారు, ఈ లెక్కలు చెప్పండి. "బెంగ"కి ఇంగ్లీషు మాట వెతుక్కోకండి. "అమ్మ ఫోన్ పెట్టేశాక గంటసేపు మంచం మీంచి లేవలేకపోతున్నా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ ఉంటే అదీ చెప్పాలి. అది తెలియని కౌన్సెలర్ "తల్లిదండ్రుల మాట పక్కన పెట్టు" అంటే మీకు పనికిరాదు. దక్షిణాసియా నేపథ్యం ఉన్నవాళ్లు కావాలని అడగొచ్చు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు వీసాకి ముప్పు వచ్చేది ఇంకోచోట. చదువు మోయలేక ముందు కోర్సు డ్రాప్ చేసి, తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లడం. అలా ఫుల్‌టైమ్ క్రెడిట్ల కంటే తగ్గితే స్టేటస్ పోయినట్టే. ముందు డాక్టర్ లెటర్, తర్వాత డీఎస్ఓ (ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి, ఆపైనే డ్రాప్. లెటర్ ఎండీ గానీ డీఓ గానీ (రెండూ అమెరికాలో డాక్టర్ల డిగ్రీలే) లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఇవ్వాలి. క్యాంపస్ కౌన్సెలర్లలో సోషల్ వర్కర్లు కూడా ఉంటారు, వాళ్ల లెటర్ చెల్లదు. కాబట్టి లెటర్ ఎవరు ఇవ్వగలరో ముందే కనుక్కోండి. అనారోగ్యం వల్ల తక్కువ క్రెడిట్లు చదివే ఈ వెసులుబాటుకి ప్రతి సెమిస్టరూ మళ్లీ అనుమతి తీసుకోవాలి. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలే.

ఇంకో మెలిక: థెరపిస్టు లైసెన్సు రాష్ట్రానికి రాష్ట్రానికీ వేరు. సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి వేరే రాష్ట్రం వెళ్తే వీడియో సెషన్లు ఆగిపోవచ్చు, నెల ముందే చెప్పి ఏర్పాటు చేసుకోండి.

చచ్చిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఏ వేళైనా 988కి (అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, తెలుగు దుభాషి కావాలని అడగండి. మెసేజ్ మాత్రం ఇంగ్లీషు, స్పానిష్‌లోనే. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి మీతో ఎలా మాట్లాడాలో పాలుపోకపోతే 14416, టెలీ మానస్ (భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), నంబరు ఇవ్వండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.